మాన్యువల్ పేజీకి ఓనర్ ఎవరు?

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ముర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్ నుంచి 1971 నవంబర్ 3 తేదీతో ఒక మాన్యువల్ వెలువడింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ అది. చాలా వరకు ఒక్కో కమాండుకు ఒక పేజీ, లేదంటే రెండు మూడు పేజీలు. అన్ని పేజీలకూ ఒకటే వరుస: ముందు కమాండు పేరు, దాన్ని టైపు చేసే పద్ధతి, అది చేసే పని, ముట్టుకునే ఫైళ్లు, పక్కన చూడదగిన ఇతర పేజీలు, తప్పు జరిగితే ఇచ్చే సందేశాలు, అందులో మిగిలిపోయిన లోపాలు. వీటన్నిటి కింద, పేజీ చివర, ఇంకో శీర్షిక ఉండేది: ఓనర్. ఆ శీర్షిక కింద 'కెన్' అనో, 'డీఎంఆర్' (డెన్నిస్ రిచీ) అనో ఒక పొట్టి పేరు. ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పడానికి పెట్టిన పేరది. దానికొక నియమాన్ని కూడా ముందుమాటలోనే రాసిపెట్టారు. ప్రోగ్రామును ఆఖరున ఎవరు మారిస్తే దానికి వాళ్లే ఓనర్. మొదట రాసినవాళ్లే కానక్కర్లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మంచి డాక్యుమెంటేషన్ ఎందుకు ఉండదని ఇప్పుడు అడిగే ప్రశ్నకు నాకు తెలిసినంతలో సరైన జవాబు ఆ ఒక్క శీర్షిక చరిత్రలో ఉంది. కోడ్‌కు జవాబుదారీ ఎవరో తేల్చుకునే పద్ధతుల్ని ఓపెన్ సోర్స్ లోకం ఎంతో శ్రద్ధగా కట్టుకుంది. కోడ్‌ను వివరించే రాతకు జవాబుదారీ ఎవరన్నది మాత్రం తేల్చకుండా వదిలేసింది.

లోపం ఉందన్న సంగతిలో భిన్నాభిప్రాయం లేదు. 2017లో గిట్‌హబ్ జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో పాల్గొన్నవాళ్లలో 93 శాతం మంది అసంపూర్ణమైన, కాలం చెల్లిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురైన సమస్య అన్నారు. అదే సర్వేలో, ప్రాజెక్టులకు పనిచేసేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి తాము ఎప్పుడో తప్ప వెళ్లమనీ, అసలు వెళ్లమనీ చెప్పారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చాలామంది ఒక తేలిక తీర్పు ఇచ్చేస్తారు: ప్రోగ్రామర్లకు రాయడం చేతకాదు, రాయాలన్న ఆసక్తీ లేదు. ఈ తీర్పు చరిత్ర ముందు నిలవదు. మొదటి మాన్యువల్ రాసింది ప్రోగ్రామర్లే. ఆ తరం రాసిన వాక్యాల్లోని పొదుపు, కచ్చితత్వం ఇప్పటికీ సాంకేతిక రచనకు కొలమానంగా నిలబడ్డాయి. చేతకానితనమే కారణమైతే అది 1971లోనూ ఉండాలి. అప్పుడు లేనిది తర్వాత ఎలా వచ్చిందో వెతకాలి.

యూనిక్స్ పుట్టుకలోనే రాతకు స్థానం ఉంది. థాంప్సన్ బృందానికి సొంతంగా ఒక పీడీపీ-11 యంత్రం కావాల్సి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటామంటే సంస్థ డబ్బు ఇచ్చే పరిస్థితి లేదు. దస్తావేజులు తయారుచేసే వ్యవస్థ కడతామని చెప్పి 1970లో ఆ యంత్రాన్ని తెప్పించుకున్నారు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంలోని టైపిస్టులు యూనిక్స్‌కు తొలి బయటి వినియోగదారులయ్యారు. పేటెంటు దరఖాస్తుల పేజీలను కుదురుగా అమర్చిన రోఫ్ ప్రోగ్రామే మాన్యువల్ పేజీలనూ అమర్చింది. అంటే ప్రోగ్రాము రాసినవాడు కుర్చీలోంచి లేవకుండా, అదే టెర్మినల్ మీద, అదే ఎడిటర్‌లో దాని పేజీ కూడా రాయగలిగేవాడు. మాన్యువల్ ఉండి తీరాలని పట్టుబట్టిన మనిషి డగ్లస్ మెకిల్రాయ్. థాంప్సన్, రిచీలు పనిచేసిన విభాగానికి ఆయన అధిపతి. తర్వాతి కొన్ని ఎడిషన్లకు సంపాదకుడూ ఆయనే. లోపాల శీర్షికను దాచకుండా పెట్టడం వల్ల ఒక విచిత్రమైన మేలు జరిగిందని ఆ కాలపు మనుషులు చెప్పుకున్నారు. ఒక లోపాన్ని కాగితం మీద ఒప్పుకోవడానికి సిగ్గేసినప్పుడు, ఆ వాక్యం రాయడం కన్నా ప్రోగ్రామును సరిచేయడమే సులువనిపించేది. మాన్యువల్ రాయడం ప్రోగ్రామును బాగుచేసే పనిలో భాగమైపోయింది. ఈ విషయాన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత పోయింది ఇదే.

ఓనర్ శీర్షిక ఎక్కువ కాలం నిలవలేదు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ నాటికి పేజీల్లో అది లేదు. ఒక గదిలో కూర్చున్న నలుగురైదుగురు రాసిన వ్యవస్థ వందలాది విశ్వవిద్యాలయాలకు పాకినప్పుడు 'కెన్‌ని అడగండి' అనే మాటకు అర్థం ఉండదు కాబట్టి అది పోవడం సహజమే. దాని స్థానంలో మరొకటి రాకపోవడమే నష్టం. 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీ టెలిఫోన్ వ్యాపారం దాటి బయటికి రాకూడదు. అందుకే యూనిక్స్‌ను సోర్స్ కోడ్‌తో సహా విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది గానీ, వెనక నుంచి ఎలాంటి సాయమూ చేయనని ముందే చెప్పేసింది. అలా సాయం లేని చోట ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ ఒక గొప్ప పనికి పూనుకున్నాడు. యూనిక్స్ ఆరో ఎడిషన్ కెర్నల్, అంటే ఆ వ్యవస్థ గుండెకాయ, మొత్తం పది వేల పంక్తుల లోపే. దాన్ని విద్యార్థులు చదవడానికి అనువైన క్రమంలో పేర్చి ఒక సంపుటిగా, పంక్తి పంక్తికీ వ్యాఖ్యానం రాసి మరో సంపుటిగా 1976-77 ప్రాంతంలో తయారుచేశాడు. మన పాఠకులకు ఆ పని స్వభావం వివరించనక్కర్లేదు. మూలానికి టీక, టీకకు మళ్లీ తాత్పర్యం రాసుకున్న సంప్రదాయం మనది. మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా కాళిదాసును చదువుకున్న తరాలు అరుదు. లయన్స్ చేసింది సరిగ్గా అలాంటి వ్యాఖ్యానమే.

'సోర్స్ కోడే అసలైన డాక్యుమెంటేషన్, తెరిచే ఉంది కదా, చదువుకోండి' అనేది ఓపెన్ సోర్స్ వాళ్లు తరచూ చేసే వాదన. ఇందులో కొంత నిజముంది. మాన్యువల్ అబద్ధం చెప్పవచ్చు, నడిచే కోడ్ చెప్పదు. అయినా లయన్స్ పుస్తకమే ఈ వాదనకు సమాధానం. పది వేల పంక్తులు కూడా లేని కెర్నల్‌కు, అదీ ఆ కాలంలోనే అత్యంత శుభ్రంగా రాసినదని పేరు పొందిన కోడ్‌కు, ఒక సంపుటి వ్యాఖ్యానం అవసరమైంది. ఒక ప్రాసెస్ నుంచి మరో ప్రాసెస్‌కు మారే చోట, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ అనుకోవడం లేదన్న అర్థంలో ఆ కోడ్‌లో ఒక వ్యాఖ్య ఉంది. పాఠకులను చిన్నబుచ్చే ఉద్దేశం తమకు లేదని, పరీక్షలో రాని ప్రశ్న లాంటిదని చెప్పడమే తమ ఉద్దేశమని రిచీ తర్వాత వివరించాడు. అసలు చిక్కేమిటంటే అక్కడ జరుగుతున్నది తమకే పూర్తిగా అర్థం కాలేదని కూడా ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. కోడ్ ఏం చేస్తుందో కోడ్ చెబుతుంది. ఎందుకలా చేస్తుందో, రేపు కూడా అలాగే చేస్తానని మాట ఇస్తుందో లేదో చెప్పదు. ఒక ఫంక్షన్ ఇవాళ వరుస క్రమంలో జవాబులు ఇస్తుంటే అది హామీయా, యాదృచ్ఛికమా అన్నది చదివినంత మాత్రాన తేలదు. మాన్యువల్ రాసిన మనిషి మాత్రమే ఆ హామీ ఇవ్వగలడు. కోట్ల పంక్తులకు పెరిగిన ఈనాటి కోడ్ విషయంలో 'చదువుకోండి' అనడం దారి చూపడం కాదు, తలుపు వేయడం.

లయన్స్ పుస్తకానికి పట్టిన గతి ఇంకా ముఖ్యమైనది. ఏడో ఎడిషన్ లైసెన్స్‌తో ఏటీ అండ్ టీ సోర్స్ కోడ్‌ను తరగతుల్లో బోధించడాన్ని నిషేధించింది. వ్యాఖ్యానం అచ్చుకు నోచుకోలేదు. ఫొటోకాపీ మీద ఫొటోకాపీ తీసుకుంటూ, అక్షరాలు మసకబారిన కాగితాల కట్టలుగా అది ప్రపంచమంతా తిరిగింది. బహిరంగంగా అచ్చయింది 1996లో. నిషేధం వల్ల పాఠం చెప్పడానికి ఏమీ మిగలకపోవడంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ సొంతంగా మినిక్స్ అనే చిన్న వ్యవస్థ రాసి, దాని కోడ్‌ను అనుబంధంగా చేర్చి 1987లో పాఠ్యపుస్తకం వేశాడు. ఆ పుస్తకం కొనుక్కుని చదివిన హెల్సింకీ విద్యార్థి, తర్వాత లినక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్. 1991 జూలైలో అతను యూనిక్స్ తరహా వ్యవస్థలకు వర్తించే పోసిక్స్ ప్రమాణాల పత్రం ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ తిరిగాడు. అది దొరకక, విశ్వవిద్యాలయంలో ఉన్న సన్ కంపెనీ మాన్యువళ్లు ముందు పెట్టుకుని ఏ సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నల్‌ను పని అడిగే పద్ధతి) ఏం చేయాలో నేర్చుకున్నాడు. లినక్స్ పుట్టుకకు ముందున్న ప్రతి మెట్టూ ఒక పుస్తకమే. ఒక వ్యాఖ్యానాన్ని నొక్కేయడం వల్ల ఒక పాఠ్యపుస్తకం వచ్చింది. పాఠ్యపుస్తకం, ఒక వ్యాపార సంస్థ మాన్యువళ్లు కలిసి లినక్స్‌కు దారి తీశాయి. రాత బలంతో పుట్టిన లినక్స్‌కు, చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్‌కు సొంత రాత అరకొరగా మిగలడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం.

ఈ అరకొరతనానికి మంచి ఉద్దేశాల మధ్య వచ్చిన చీలికలు కూడా కారణం. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌ను నిర్లక్ష్యం చేసిందనడం అన్యాయం. ఈమ్యాక్స్ ఎడిటర్ మాన్యువల్ లాంటి పుస్తకాలు శ్రద్ధకు నిదర్శనాలు. యూనిక్స్ మ్యాన్ పేజీ (మాన్యువల్ పేజీ) ముక్కలు ముక్కలుగా ఉంటుందని, తెలియనివాళ్లకు మొదటి నుంచి నేర్పదని గ్నూ వాళ్ల ఫిర్యాదు. అది నిజం కూడా. అందుకని అధ్యాయాలతో సాగే పుస్తకాల కోసం టెక్స్ఇన్‌ఫో పద్ధతి తెచ్చారు, మ్యాన్ పేజీలను రెండో స్థానానికి నెట్టారు. కానీ వాడేవాళ్ల చేతులు మాత్రం 'మ్యాన్' అని టైపు చేసే అలవాటు మానలేదు. ప్రతి ప్రోగ్రాముకూ మ్యాన్ పేజీ ఉండాలన్నది లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ విధానం. మధ్యేమార్గంగా హెల్ప్‌టుమ్యాన్ అనే సాధనం వచ్చింది. ప్రోగ్రాము తనంతట తాను చూపే సహాయ సందేశాన్ని తీసుకుని దాన్నే మ్యాన్ పేజీ రూపంలోకి మారుస్తుంది. లినక్స్ వాడేవాళ్లు రోజూ తాకే కోర్‌యుటిల్స్ పేజీలు ఇలా తయారైనవే. పూర్తి వివరాలకు ఫలానా చోట చూడమని చివర ఒక సూచన ఉంటుంది. ఆ సాధనాన్ని నేను తప్పుపట్టను, ఏమీ లేనిదానికన్నా అది మేలు. కానీ 1971 పేజీ కింద ఒక మనిషి పేరు ఉంటే, ఈ పేజీని పేజీగా కూర్చుని రాసిన మనిషే లేడు.

ఆ తర్వాత డబ్బు ప్రశ్న వచ్చింది. 1990లలో ఓపెన్ సోర్స్ వ్యాపారానికి నికరమైన రాబడి తెచ్చినవాటిలో పుస్తకాలు ముందున్నాయి. ఓ'రైలీ సంస్థ 1991లో పెర్ల్ భాష మీద వేసిన ఒంటె బొమ్మ పుస్తకం, ఆ తర్వాత వచ్చిన జంతువుల బొమ్మల పుస్తకాలు మన దేశంలో కూడా ఒక తరానికి గురువులయ్యాయి. వాటి నాణ్యతను తక్కువ చేసి మాట్లాడను. కానీ పర్యవసానం ఒకటుంది. కోడ్ ఉచితం, స్వేచ్ఛాయుతం. దాన్ని మొదటి నుంచి నేర్పే పుస్తకం మాత్రం కొనుక్కోవాల్సిన, మార్చరాని సరుకు. కోడ్ మారినప్పుడు ఆ పుస్తకాన్ని సరిదిద్దే హక్కు పాఠకులకు లేదు, ప్రాజెక్టుకూ లేదు. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అతి పెద్ద లోటు సాఫ్ట్‌వేర్‌లో లేదని, స్వేచ్ఛగా మార్చుకోగల మంచి మాన్యువళ్లు లేకపోవడమేనని స్టాల్‌మన్ 1990ల రెండో సగంలోనే రాశాడు. పెర్ల్‌నే ఉదాహరణగా చూపించాడు. దానికి మందుగా 2000లో గ్నూ స్వేచ్ఛా డాక్యుమెంటేషన్ లైసెన్స్ తెచ్చారు. అందులో రచయిత కోరితే కొన్ని భాగాలను ఎవరూ మార్చకుండా కట్టడి చేసుకునే వీలుంది. ఆ వీలే మళ్లీ గొడవైంది. 2006లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, మార్చరాని భాగాలున్న పుస్తకాలు తమ నిర్వచనం ప్రకారం స్వేచ్ఛాయుతం కావని తేల్చారు. దాంతో ఈమ్యాక్స్ ప్రోగ్రాము ప్రధాన విభాగంలో ఉండగా దాని మాన్యువల్ స్వేచ్ఛాయుతం కాని సరుకుల విభాగానికి వెళ్లింది. సూత్రం మీద రెండు పక్షాలకూ తమ తమ న్యాయం ఉంది. మధ్యలో నష్టపోయింది ఈమ్యాక్స్ ఇన్‌స్టాల్ చేసుకుని, మాన్యువల్ కనిపించక తెల్లబోయిన కొత్త పాఠకుడు.

ఔత్సాహికులు ఊరుకున్నారని కాదు. 1992లో మ్యాట్ వెల్ష్, లార్స్ విర్జేనియస్, మైఖేల్ జాన్సన్ లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులోంచి వచ్చిన హౌటూలు మోడెమ్ ఎలా కలపాలి, ప్రింటర్ ఎలా పని చేయించాలి అనే రోజువారీ చిక్కుల్ని విప్పాయి. మాన్యువల్ 'ఇది ఏమిటి' అని చెబితే, హౌటూ 'నేను ఈ పని చేయాలంటే ఎలా' అన్న ప్రశ్నతో మొదలయ్యేది. ఈ తేడాను గుర్తించడం పెద్ద ముందడుగు. అయితే ఒక్కో హౌటూ ఒక్కో వ్యక్తి చేతి మీద నడిచింది. ఆ వ్యక్తి ఉద్యోగం మారితేనో, విసిగిపోతేనో పేజీ అక్కడే ఆగిపోయేది. ఒక ప్రోగ్రాము మారినప్పుడు దాని హౌటూ మారాలన్న కట్టుబాటు ప్రోగ్రామర్లకు లేదు, ఎందుకంటే ఆ రాత వాళ్ల ప్రాజెక్టులో లేదు. కొన్నేళ్లకే పాత కెర్నల్‌కు రాసిన సూచనలను కొత్త కెర్నల్ మీద ప్రయోగించి దెబ్బతినడం మామూలైంది. రాసినవాళ్ల లోపమని దీన్ని అనలేం. ఆఖరున మార్చినవాడే ఓనర్ అన్న 1971 నియమం కోడ్‌కూ రాతకూ కలిపి పెట్టినది. రెండూ వేరు ఇళ్లలో కాపురం పెట్టాక ఆ నియమం అమలయ్యే దారే లేకుండాపోయింది.

అధికారిక రాత ఖాళీ వదిలిన చోట ఎవరో ఒకరు నింపుకుంటారు. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ పెరిగిన శిక్షణ సంస్థల చరిత్రను ఈ కోణంలోంచి కూడా చూడాలి. లినక్స్ అడ్మినిస్ట్రేషన్ అయినా, జావా అయినా, మరొకటైనా అక్కడి జిరాక్స్ దుకాణాల్లో 'మెటీరియల్' దొరుకుతుంది. తరగతిలో మాస్టారు చెబుతుండగా ఎవరో చేత్తో రాసుకున్న 'రన్నింగ్ నోట్స్' కూడా స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతాయి. లయన్స్ వ్యాఖ్యానం ఏ కారణంతో చేతులు మారిందో ఇవీ ఆ కారణంతోనే చేతులు మారాయి. ఏది ముందు నేర్చుకోవాలి, ఏది తర్వాత, ఏది ప్రస్తుతానికి వదిలేయవచ్చు అన్నది అధికారిక డాక్యుమెంటేషన్ చెప్పదు. రన్నింగ్ నోట్స్ చెబుతాయి. జిల్లాల నుంచి డిగ్రీ పట్టా, కొద్దిపాటి ఇంగ్లీషుతో వచ్చినవాళ్లు ఆ కాగితాలతోనే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఆ కాగితాలను చిన్నచూపు చూడటం నాకు సమ్మతం కాదు. కానీ వాటిలో ఒక తప్పు పడితే అది ప్రతి కాపీలోనూ ఉంటుంది, దిద్దేవారుండరు. వాటిలో కుదిరిన ఒక మంచి వివరణ కూడా అసలు ప్రాజెక్టు దాకా ఎన్నడూ చేరదు.

'వీళ్లంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, ఉచితంగా ఇచ్చినదాన్ని పట్టుకుని మాన్యువల్ కూడా కావాలనడం ధర్మమేనా' అన్న అభ్యంతరం తీసిపారేయదగినది కాదు. రాత్రిళ్లు మేలుకుని ఒక్కడే నడిపే చిన్న ప్రాజెక్టు మీద ఈ భారం మోపడం నిజంగానే అన్యాయం. పెద్ద ప్రాజెక్టుల విషయంలో మాత్రం ఈ జవాబు చెల్లదు. కెర్నల్ పనిలో 80 శాతానికి పైగా జీతం తీసుకునే డెవలపర్లదేనని లినక్స్ ఫౌండేషన్ 2015 నివేదికే చెప్పింది. స్వచ్ఛందం అన్నది కారణమైతే కోడ్ నాణ్యత కూడా అదే రీతిలో దెబ్బతినాలి, అలా జరగలేదు. పైగా స్వచ్ఛంద ప్రాజెక్టుల్లోనే చక్కని డాక్యుమెంటేషన్ ఉన్నవి ఉన్నాయి. ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మ్యాన్ పేజీలోని తప్పును ప్రోగ్రాములోని తప్పుతో సమానంగా చూస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టులో ప్రవర్తనను మార్చే ప్యాచ్ పంపితే దాని డాక్యుమెంటేషన్ మార్పు కూడా అందులోనే ఉండాలని ఎదురుచూస్తారు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2005లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక కార్యాలయం నుంచి బయటికొచ్చింది. దాన్ని కట్టినవాళ్లలో ఒకడైన ఏడ్రియన్ హోలోవాటీ పాత్రికేయ విద్య చదివినవాడు. పాఠకుడంటూ ఒకడున్నాడని గుర్తుంచుకునే వాతావరణంలో పుట్టింది కాబట్టే దాని డాక్యుమెంటేషన్‌కు మొదటి నుంచీ మంచి పేరుందని నా నమ్మకం. ఈ మూడింటిలోనూ అసాధారణమైన ప్రతిభ ఏమీ లేదు. రాత కోడ్‌తో పాటే ఉంటుంది, కోడ్‌ను పరిశీలించే కళ్లే రాతనూ పరిశీలిస్తాయి. 1971 నియమం వేరే పేరుతో ఇంకా బతికి ఉన్న ఇళ్లివి.

డాక్యుమెంటేషన్ ఉంటే సరిపోతుందా అన్నది ఇంకా పదునైన ప్రశ్న. 2012లో టెక్సాస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సురక్షిత కనెక్షన్లను తప్పుగా తనిఖీ చేస్తున్న ప్రోగ్రాముల మీద ఒక పత్రం వెలువరించారు. అందులో కర్ల్ లైబ్రరీ ఉదాహరణ ఉంది. అవతలి సర్వర్ పేరు సరిపోలిందో లేదో చూడాలంటే అప్పట్లో ఒక సెట్టింగ్‌కు 2 అని విలువ ఇవ్వాల్సి ఉండేది. 1 ఇస్తే సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరు ఉందా అని మాత్రమే చూసి వదిలేసేది. ఇది మాన్యువల్‌లో స్పష్టంగా రాసే ఉండేది. అయినా ఎందరో ప్రోగ్రామర్లు 'అవును' అనే అర్థంలో ట్రూ అని ఇచ్చారు. ట్రూ అంటే యంత్రానికి 1. తాము భద్రంగా ఉన్నామనుకుంటూ డబ్బు చెల్లింపుల కోడ్‌ను కూడా తలుపు తీసి ఉంచారు. మాన్యువల్ ఎవరూ చదవరనడానికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. నాకు ఇందులో కనిపించేది వేరు. అలాంటి వాక్యం రాయాల్సి వచ్చినప్పుడే ఆ సెట్టింగ్ తీరు ప్రమాదకరమని తట్టాలి. లోపాల శీర్షిక ముందు కూర్చున్న యూనిక్స్ ప్రోగ్రామర్‌కు తట్టినట్టు. ఆ ఏడాది చివర కర్ల్ కొత్త విడుదలలో విలువ 1 ఇస్తే తప్పుగా ప్రకటించి ఆపేలా మార్చారు. వివరించడానికి కష్టమైనదాన్ని మార్చేయడమే మేలన్న పాత పాఠం అక్కడ ఆలస్యంగానైనా పనిచేసింది.

ఇప్పుడు వినిపించే అభ్యంతరం ఇంకోటి: వెతికితే జవాబు దొరుకుతుంది, అడిగితే కృత్రిమ మేధ చెబుతుంది, ఇంకా మాన్యువల్ దేనికి? స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి ప్రశ్నలకు జవాబులు పోగుచేసింది, ఆ మేలు అపారం. అదే సంస్థ 2016లో అందరూ కలిసి డాక్యుమెంటేషన్ రాసే వేదిక తెరిచి, 2017 ఆగస్టులో మూసేస్తున్నట్టు ప్రకటించింది. లక్షల ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన సమూహమే ఒక పుస్తకాన్ని నిలబెట్టలేకపోయింది. ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఎదుట ఒక మనిషి, ఒక ఇబ్బంది ఉంటాయి. జవాబు ఇచ్చాక బాధ్యత తీరిపోతుంది. పుస్తకం రాసేవాళ్లు ఎవరూ అడగని ప్రశ్నలు కూడా ముందే ఊహించాలి, రేపటి మార్పుకు కూడా బాధ్యత వహించాలి. కృత్రిమ మేధ చెప్పే జవాబులకూ ఇదే పరిమితి. అవి ఎక్కడో ఎవరో రాసిన రాత మీదే ఆధారపడతాయి. కొత్త ఫంక్షన్‌కు ఎవరూ ఏమీ రాయకపోతే, యంత్రం పాతవాటి పోలికతో ఊహించి చెబుతుంది. ఆ ఊహ తప్పయితే ఎవర్ని అడగాలో చెప్పే శీర్షిక ఆ జవాబు కింద ఉండదు.

మన భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గిట్‌హబ్ సర్వే ప్రకారం ఓపెన్ సోర్స్ సమూహంలో దాదాపు నాలుగో వంతు మంది తమకు ఇంగ్లీషు చాలా బాగా రాదన్నారు. స్వేచ్ఛ సంస్థ, ఇతర ఔత్సాహికుల కృషితో లినక్స్ డెస్క్‌టాప్ మెనూలు తెలుగులోకి వచ్చాయి. ఆ పని చేసినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ మెనూలోని మాటలు తెలుగైతే, ఆ మెనూ వెనకున్న పనిని వివరించే పేజీలు ఇంగ్లీషులోనే మిగిలాయి. జర్మన్, ఫ్రెంచ్, పోలిష్ భాషల్లోకి మ్యాన్ పేజీలను అనువదించే బృందాలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. అక్కడ ఆ పని ఎవరిదో తెలుసు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంఖ్యకు కొరత లేదు, తెలుగులో సాంకేతిక రచన తమ పని అనుకునేవాళ్లకే కొరత.

లినక్స్ మ్యాన్ పేజీల ప్రాజెక్టు కథ ఈ చరిత్రకు తాజా అధ్యాయం. కెర్నల్ సిస్టమ్ కాల్స్, సి లైబ్రరీ ఫంక్షన్లు కలిపి సుమారు వెయ్యి పేజీలు. ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగం, చేతిలో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచే కెర్నల్‌కు అదే ప్రామాణికమైన రాత. మూడు దశాబ్దాల్లో దానికి మెయింటెయినర్లుగా ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: మొదట రిక్ ఫెయిత్, 1995 నుంచి ఆండ్రీస్ బ్రౌవర్, 2004 నుంచి మైఖేల్ కెరిస్క్, ఆయన తర్వాత అలెహాండ్రో కొలోమార్. కెరిస్క్ ఒక్కో కొత్త సిస్టమ్ కాల్‌కు పేజీ రాస్తూ, రాసినది నిజమో కాదో పరీక్షించి చూస్తూ, ఆ క్రమంలో కెర్నల్‌లోనే తప్పులు పట్టుకుని తిరిగి పంపేవాడు. 2010లో 1,500 పేజీలు దాటిన తన పుస్తకాన్ని ఆ అనుభవంతోనే రాశాడు. మెకిల్రాయ్ కాలపు పని సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే అప్పుడు కోడ్ రాసినవాళ్లు చేసినది ఇప్పుడు వాళ్ల వెనక నడుస్తూ ఒకే ఒక్క మనిషి చేయాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో కొలోమార్, జీతం లేకుండా ఈ పని ఇక కొనసాగించలేనని చెప్పి ఆపేశాడు. కొన్ని కంపెనీలు ముందుకొచ్చి డబ్బు సమకూర్చాక పని మళ్లీ మొదలైంది. మధ్యలోని ఆ వారాల్లో కెర్నల్ కొత్త విడుదలకు కోడ్ రావడం మాత్రం ఆగలేదు. విడుదల అనుకున్న సమయానికే వచ్చింది.